దగ్గని ఫిలిం

గౌసియా రోజూ ఎనిమిదింటికి ఫిలిం గది తాళం తీసి, వెంటనే లోపలికి పోకుండా గడప దగ్గరే కాసేపు నిలబడేది. రాత్రంతా మూసి ఉన్న గదిలో ఎక్స్‌రే ఫిలింలు పొద్దున్నే దగ్గుతాయి. పొడి దగ్గులు, తెమడ దగ్గులు, ఆగి ఆగి వచ్చేవి, అసలు ఆగనివి. అవి సద్దుమణిగినాక ఆమె బిస్మిల్లా అనుకుని కుడికాలు లోపల పెట్టేది. ఊడ్చే మనిషి కూడా అంతసేపూ చీపురు పట్టుకుని బయటే నిలబడేది. దగ్గేవాళ్ల ముందర దుమ్ము లేపడం మర్యాద కాదు కదా.

బేతంచెర్ల దాటినాక, బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ అది. ఆవరణలోనే రెండు గదుల డిస్పెన్సరీ. గౌసియా పదిహేడేండ్లుగా అక్కడ ఎక్స్‌రేలు తీస్తోంది. పనిలో చేరేటప్పుడు ఒకటి, ఆ తర్వాత ఏడాదికొకటి. కొత్తగా చేరినవాళ్ల ఫిలింలు దగ్గవు. చెవి దగ్గర పెట్టుకుంటే మెల్లగా ఊపిరి మాత్రం వినిపిస్తుంది. నాలుగైదేండ్లకు దగ్గు మొదలవుతుంది. అప్పుడు ఫ్యాక్టరీ డాక్టరు కవరు మీద 'టీబీ' అని రాస్తాడు.

ఒకరికి కాదు, అందరికీ అదే రాత. టీబీ అంటే మనిషి ఇంటి నుంచి తెచ్చుకున్న జబ్బు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని రాస్తే అది ఫ్యాక్టరీ ఇచ్చిన జబ్బు అవుతుంది. ఆ ఒక్క మాట రాయకుండా ఉన్నందుకే ఆయనకు జీతం. టీబీ అన్న ఆ రెండక్షరాలకే ఎన్ని ఇళ్లల్లో మనిషి తిన్న పళ్లెం విడిగా పెట్టినారో, ఎంతమంది పిల్లల్ని పక్కింటి పిల్లలతో ఆడుకోనియ్యలేదో ఆయన కవర్ల మీద ఎక్కడా లేదు.

"సార్, తెమడలో టీబీ లేదని ల్యాబు చీటీ ఉండాది కదా," అని గౌసియా ఒకసారి అడిగింది. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, ఇంకా తగ్గుతుంది.

"నువ్వు ఫొటోలు తీసే మనిషివమ్మా. ఫొటోలు తియ్యి," అన్నాడాయన.

ఆమె తీసింది. మూడేండ్ల కింద ఎండలకు పాత ఫిలింలు పసుపెక్కి ఒకదానికొకటి అతుక్కోవడం మొదలుపెట్టినాయి. వాటి దగ్గు గొంతు పట్టేసినట్టు వస్తుంటే వినలేక, ఒక్కొక్కదాన్నే లైటు పెట్టె మీద ఆనించి ఫోనుతో ఫొటో తీసింది. ఫోను నిండిపోయింది. అప్పుడు సాహితికి ఫోను చేసింది. కడపలో డిప్లొమా చదివేటప్పుడు హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. సాహితి ఇప్పుడు మైదుకూరులో ఇంట్లోనే కూర్చుని సాఫ్ట్‌వేర్ పని చేస్తోంది.

"క్లౌడ్‌లో అట్టడుగు అర ఒకటుంటాదే, దాండ్లో పెట్టు," అంది సాహితి. "నెలకు ఒక టీ ఖర్చు గూడా కాదు. ఏండ్ల తరబడి ఎవురూ ముట్టనివి పెట్టుకునేదానికే అది."

"మరి కావాల్సొస్తే?"

"అడిగినంక పన్నెండు గంటలు ఆగల్ల. అందుకే అంత అగ్గువ. నీకేం తొందరలే, వాళ్లేమన్నా లేసి పరిగెత్తుతారా?"

సాహితి ముప్పై వరుసల కోడు రాసి పంపింది. ఫోల్డరులో ఉన్న ఒక్కో ఫొటో తీసుకో, పనివాని టోకెను నంబరు పేరుగా పెట్టు, అట్టడుగు అరలో వెయ్యి, చేరిందని నమ్మకం కుదిరితేనే తరువాతిది తీసుకో. గౌసియా రోజూ మధ్యాహ్నం జొహర్ నమాజు అయినాక కంప్యూటరు ముందర కూర్చుని దాన్ని నడిపేది. తొమ్మిది నెలల్లో మూడు వేల పైచిలుకు ఫిలింలు అట్లా పోయినాయి.

పోయి మంచిదైంది. కిందటి ఏడు మేనేజరు భూపేష్ పాత ఫిలింలన్నీ, వాటిలోంచి వెండి తీసే వ్యాపారికి తూకానికి అమ్మేసినాడు. లారీలోకి ఎత్తుతుంటే అవి దగ్గుతానే ఉన్నాయి. "టార్పాలిన్ కప్పండప్పా, రోడ్డు మీద జనానికి ఇబ్బంది," అన్నాడు భూపేష్. అంతకు మించి ఆయనకేమీ అనిపించలేదు.

ఒక శనివారం పొద్దున గిడ్డమ్మ డిస్పెన్సరీకి వచ్చింది. ఆమె మొగుడు బొజ్జన్న కోత మిషను మీద పనిచేసేవాడు. ఆరు నెలలుగా మంచం దిగలేదు. జబ్బు ఫ్యాక్టరీదని తేల్చితే నెలనెలా పింఛను వస్తుందని, కర్నూలులో వైద్య బోర్డుకు అర్జీ పెట్టుకున్నారు. ఆమె చేతిలో రెండు కాగితాలున్నాయి.

"సదువు పాపా."

మొదటిది బోర్డు పంపింది. సోమవారం పదకొండింటికి రమ్మని. రెండోది ఫ్యాక్టరీ బోర్డుకు రాసిన జవాబు. పనిలో చేరేటప్పటికే బొజ్జన్నకు టీబీ ఉండిందట.

"ఉండిందంట," అంది గిడ్డమ్మ. "రెండు బస్తాలు ఎత్తుకోని మిద్దె ఎక్కేటోడు. ఇంగ భూపేష్ సారు ఏమంటాండాడో తెల్సునా? సోమారం రెండో షిఫ్టుకు జీవితను పంపల్లంట, దాని నాయన టోకెను మీద. లేకుంటే ఫ్యాక్టరీ లైన్లో మా గది ఖాళీ చెయ్యమని."

జీవిత వాళ్ల ఒక్కతే కూతురు. కర్నూలులో నర్సింగు మొదటి ఏడు చదువుతోంది.

ఆ ఫ్యాక్టరీలో అదే పద్ధతి. మనిషి పడిపోతే టోకెను ఇంట్లో ఇంకొకరి చేతికి వస్తుంది. రెండువందల పద్నాలుగు మొదట బొజ్జన్న తండ్రిది. ఆయన పోతే పెద్దకొడుకు హనుమేష్‌ది. అతనూ పోతే బొజ్జన్నది. అది ఏదో మాన్యం అయినట్టు, ఇంటి నుంచి పోకుండా కాపాడుకున్నారు పాపం.

"చేరినప్పటి ఫిలిం ఉంటే సాలు అక్కా," అంది గౌసియా. "అది నా దగ్గర ఉండాది."

వెంటనే అట్టడుగు అర నుంచి రెండువందల పద్నాలుగును అడిగింది. ఆదివారం పొద్దునకు వచ్చింది. తెరిచి చూస్తే ఒక్కటే ఫిలిం. అది గుక్కతిప్పుకోకుండా దగ్గుతోంది. మూల చూస్తే రెండేండ్ల కిందటి తేదీ.

గౌసియాకు అప్పుడు తెలిసింది. నంబరంటే మనిషే అని ఫ్యాక్టరీ అనుకున్నట్టే తనూ అనుకుంది. ముగ్గురి అన్నేండ్ల ఫిలింలకూ ఒకే పేరు పెట్టి, పాతవాటి నుంచి కొత్తవాటి దాకా వరుసగా పంపింది. ఒకదాని మీద ఒకటి పడి, చివరిది ఒక్కటే మిగిలింది.

"వాళ్లు లారీకెత్తి చెరిపినారు, నేను కూర్చోని చెరిపినా," అంది సాహితితో ఫోనులో. గొంతు వినిపించనంత తగ్గింది.

"గట్టిగా మాట్లాడు. ఏం చెరిపినావు? ఒకే పేరుతో ఇంగోటొస్తే పాతదాన్ని తుడిచెయ్యకుండా కింద ఉంచమని ఆ అర తెరిచినప్పుడే చెప్పి పెట్టినా. నీ సంగతి నాకు తెలీదా, హాస్టల్లో ఒకే డబ్బాలో ఉప్పూ చక్కెరా పోసేదానివి. కిందవన్నీ పిలువు. పన్నెండు గంటలు. అంతే."

సోమవారం తెల్లారుజామున ఫజర్ నమాజు చేసుకుని చూస్తే ముప్పైకి పైగా ఫిలింలు వచ్చి ఉన్నాయి.

బోర్డు గదిలో డాక్టరు కృష్ణవేణమ్మ పెద్ద. రిటైరుమెంటుకు దగ్గరపడిన మనిషి. ఎదురుగా ఫ్యాక్టరీ డాక్టరు. బొజ్జన్నను చక్రాల కుర్చీలో తెచ్చి పెట్టినారు. గుమ్మం దగ్గర జీవిత, చదువు మానుతున్నానని కాలేజీకి రాసిన అర్జీ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

గౌసియా ల్యాప్‌టాప్ తెరిచి మొదటిది పెట్టింది. పందొమ్మిదివందల తొంభై ఒకటి. గొంతు గీరుకుని, మూడుసార్లు దగ్గి, చివర మూలిగింది.

"మా మామ," అంది గిడ్డమ్మ కొంగు తలమీదికి లాక్కుంటూ.

రెండువేల ఏడు. చిన్నగా మొదలై ఆగని దగ్గు.

"మా బావ హనుమేష్. అన్నం ముందర పెట్టుకోని ఇట్లనే దగ్గేటోడు."

తర్వాతది రెండువేల తొమ్మిది, బొజ్జన్న చేరిన ఏడు. గదిలో అందరూ చెవులు రిక్కించినారు. అది దగ్గలేదు.

ఫ్యాక్టరీ డాక్టరు సర్దుకుని కూర్చున్నాడు. "మేడమ్, ఇది ఈయనదేనని గ్యారంటీ ఏముంది? ఆ నంబరు మీద ముగ్గురు పనిచేసినారు."

"ముగ్గురని ఇప్పుడు గుర్తొచ్చింది సారుకు," అంది గౌసియా. ఆమె గొంతు ఎంత తగ్గిందంటే గుమస్తా రాయడం ఆపి ముందుకు వంగినాడు. "టీబీ అని రాసేటప్పుడు ఒక్కడే అన్నట్టు రాసినారు. ఒకే నంబరు, ఒకే జబ్బు. ఆ ఇంట్లో ఆడోళ్లకు రాదు, పిల్లోళ్లకు రాదు, ఆ టోకెను పట్టుకున్నోనికే వస్తాది. అదేం టీబీ సార్?"

కృష్ణవేణమ్మ లేచి వచ్చి స్టెతస్కోపు బొజ్జన్న గుండె మీద పెట్టింది. కండ్లు మూసుకుని చాలాసేపు విన్నది. తర్వాత స్టెతస్కోపును తెర మీద, ఫిలింలో గుండె ఉన్న చోట ఆనించి, అంతసేపే విన్నది.

"గుండె ప్రతి ఏడో దెబ్బకూ ఒకసారి తప్పుతుంది. రెండింట్లోనూ," అని స్టెతస్కోపు తీసి ఫ్యాక్టరీ డాక్టరుకు అందించింది. "వినండి. ఊపిరి కూడా వినండి."

ఆయన విన్నాడు. వింటూనే నుదురు తుడుచుకున్నాడు.

"ఎట్లుంది?"

"క్లియర్‌గానే ఉంది మేడమ్."

"గట్టిగా చెప్పండి. గుమస్తా రాసుకోవాలి."

"చేరినప్పుడు... బాగానే ఉన్నాడు."

కృష్ణవేణమ్మ కూర్చుని రాసింది. రాతి దుమ్ము వల్ల వచ్చిన జబ్బు. పింఛను మంజూరయ్యేదాకా గది ఖాళీ చేయించరాదు. ఆ కాగితం పక్కన పెట్టి ఇంకో రెండు తీసింది. "మీ మామగారి పేరేమిటమ్మా?" అని అడిగి, ముప్పై ఏండ్ల కింద పోయినవానికీ, అతని పెద్దకొడుక్కీ కూడా అదే జబ్బు పేరు రాసి సంతకం పెట్టింది.

బొజ్జన్న గౌసియాను దగ్గరికి పిలిచినాడు. మాట మధ్యలో ఊపిరి అందలేదు. "మా నాయనది... ఇంగొకసారి పెట్టు తల్లీ."

ఆమె పెట్టింది. అతను తల వంచుకుని విన్నాడు.

బయటికి రాంగానే గిడ్డమ్మ ఫోను మోగింది. భూపేష్. "ఏమమ్మా, రెండో షిఫ్టుకు టైమయింది. మీ పాప యాడ?"

"క్లాసులో ఉండాది సార్," అని గిడ్డమ్మ ఫోను పెట్టేసింది. పెట్టేసినాక కూతురి వైపు చూసి, "పో మరి. నన్ను అబద్ధాలకోరును సెయ్యాకు," అంది.

జీవిత ఆటో ఎక్కి కాలేజీకి చేరేసరికి పదిహేను నిమిషాలు ఆలస్యమైంది. ఆ మధ్యాహ్నం పసిబిడ్డకు నీళ్లు పోయడం నేర్పుతున్నారు. రబ్బరు బొమ్మను తోటి పిల్లలంతా పట్టుకుని అయిపోయింది. పాఠం చెప్పే మేడమ్ తిట్టకుండా బొమ్మను ఆమె చేతుల్లో పెట్టి, ముందు మెడ కింద చెయ్యి వెయ్యి, తల జారనీయకు, అంది.