షట్టర్లు లేపండి

బసవమ్మను గోనెపట్టా మీద పడుకోబెట్టి నలుగురు ఆడవాళ్లు మోసుకొచ్చారు. బయట జగ్గయ్యపేట ఎండ పెటపెటలాడుతోంది. మిరపకాయల గోడౌనులోంచి వచ్చిన మనిషికి ఆ ఎండే చల్లగా తగిలిందో ఏమో, గుండెనిండా గాలి పీల్చి కళ్లు తెరిచింది.

మోసినవాళ్లలో ఒకరైన సర్దార్‌బీ ఆమె ముఖం తుడవబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. కాయలకు తొడిమలు తీసిన చెయ్యి అది. మజ్జిగలో ముంచి కడుక్కుంటేగాని ఆ చేతులతో కన్నబిడ్డనైనా ముట్టుకోరు.

"రేపట్నించి ఈవిణ్ణి తీసుకురాబాకండి" అన్నాడు గుమస్తా. "ఎలక్షన్ల టైములో ఇక్కడ పోయిందంటే అయ్యగారి పేరు పోద్ది."

అయ్యగారంటే వరప్రసాదరావు. గోడౌను యజమాని. రెండువేల తొమ్మిది ఎన్నికల్లో లోక్‌సభ అభ్యర్థి కూడా. షట్టర్లు లేపించమని ఆడవాళ్లు అడిగినప్పుడల్లా, గాలి తగిలితే కాయ తూకం తగ్గుతుందని చెబుతాడు. మనిషి తూకం తగ్గితే ఆయనకు వచ్చే నష్టమేమీ లేదు.

వారం తిరక్కుండా బసవమ్మ ఇంటర్నెట్‌లో నవ్వింది.

సర్దార్‌బీ కూతురు ఫర్జానా డిగ్రీ చదువుతోంది. తల్లినీ బసవమ్మనూ నెట్ సెంటరుకు లాక్కెళ్లి చూపించింది. 'మన ప్రసాదన్న' అనే వెబ్‌సైటు. మొదటి పేజీలోనే బసవమ్మ బొమ్మ. కింద 'అన్నయ్య మమ్మల్ని తోడబుట్టినవాళ్లలా చూసుకుంటారు. మా ఓటు అన్నయ్యకే' అని రాసుంది. దాని కింద హైదరాబాదు నుంచి, దుబాయి నుంచి అభిమానుల జైజైలు.

"గుర్తింపు కార్డుకని తీశారు గదక్కా ఈ ఫోటో! నవ్వమంటే నవ్వా" అంది బసవమ్మ. పళ్లు కొరికింది. "నన్ను పనిలోంచి గెంటేసి, నా నవ్వు మాత్రం ఉంచుకున్నాడా వీడు?"

సాయంత్రం సర్దార్‌బీ వాకిట్లో అందరూ చేరారు. నాగవల్లి మొదటే అడ్డుపడింది.

"పెద్దోళ్లతో మనకెందుకే? ఉన్న పనీ పోద్ది."

"ఉంటే ఏమవుద్దో బసవమ్మనడుగు" అంది సర్దార్‌బీ.

ఫర్జానా వెబ్‌సైటులో చదివిన సంగతి చెప్పింది. శుక్రవారం వరప్రసాదరావు నందిగామ కల్యాణ మండపంలో కూర్చుంటాడు. గోడౌను ఆడవాళ్లు ఇక్కడి కెమెరా ముందు మాట్లాడితే అక్కడ పెద్ద తెర మీద కనబడతారు. నెట్ ఉన్న అభిమానులందరూ ఎక్కడివాళ్లక్కడే చూస్తారు.

"మనల్ని చూడాలని అంత ముచ్చట పడుతుంటే కాదంటామా?" అంది సర్దార్‌బీ. "చూపిద్దాం."

శుక్రవారం హైదరాబాదు నుంచి నవనీత్ అనే కుర్రాడు లాప్‌టాప్‌తో దిగాడు. గోడౌను ఆఫీసులోని ఏసీ గదిలో కుర్చీలు వేయించాడు.

"ఆంటీ, మూతికి ఆ గుడ్డలు తీసేయండి. కొంచెం స్మైల్ ఇవ్వాలి."

"ఈ గదిలోకి మమ్మల్ని ఏనాడూ రానీలేదు బాబూ. కొత్తచోట మాట పెగలదు. కాయల రాశి దగ్గరైతే గడగడా చెప్తాం" అంది సర్దార్‌బీ.

"సూపర్ ఆంటీ! నేచురల్‌గా ఉంటది" అని మురిసిపోయి, నవనీత్ తానే లాప్‌టాప్ మోసుకొచ్చి రాశి ముందు పెట్టాడు.

తెర మీద వరప్రసాదరావు చేతులు జోడించాడు. "ఏమ్మా చెల్లెమ్మలూ, బాగున్నారా?"

"పని చేసుకుంటా చెప్తాం అన్నయ్యా" అంది సర్దార్‌బీ.

అందరి చేతులూ ఒక్కసారి రాశిలోకి దిగాయి. రోజూ చేసే పనే. ఎర్రటి దుమ్ము పైకి లేచింది. నవనీత్ ఒకసారి తుమ్మాడు, తర్వాత లెక్కే లేదు. కళ్లు నులుముకుని కేక పెట్టాడు. గుడ్డివాడిలా పోయి షట్టరు బాదాడు.

"ఓపెన్ చేయండి! చచ్చిపోతున్నా!"

గుమస్తా పరుగున వచ్చి షట్టర్లన్నీ లేపాడు. నందిగామ మండపమంతా నోరు తెరుచుకుని చూసింది.

"చూశారా అన్నయ్యా! మేం ఎన్నాళ్లు అడిగినా లేవని షట్టర్లు, ఈ బాబు రెండు తుమ్ములు తుమ్మేసరికి లేచినయ్!" అంది సర్దార్‌బీ.

"నవనీత్, కట్ చెయ్!" వరప్రసాదరావు అరిచాడు. నవనీత్ వీధి కుళాయి కింద తల పెట్టి ఉన్నాడు. అప్పటిదాకా గోడౌను బయట కాచుకున్న బసవమ్మ తెర ముందుకొచ్చింది.

"మీ నెట్టులో నవ్వేది నేనేనయ్యా. మీ గోడౌనులో ఊపిరాడక పడిపోయా. నన్ను పనిలో పెట్టుకో. షట్టర్లు లేపి ఉంచు. లేదంటే ఆ నవ్వు పీకెయ్."

పోలీసులొచ్చారు. ప్రచారానికి భంగమట. అందరికంటే ముందు వ్యాను ఎక్కింది నాగవల్లి. "జరగండే, కిటికీ పక్కన నేను కూర్చుంటా. గాలాడుద్ది."

పొద్దుగూకే వేళకు గుమస్తా స్టేషనుకొచ్చాడు. షట్టర్లు లేపుతారట, అందరూ పనిలోకి రావాలట. బసవమ్మ మాత్రం వద్దట.

"దాన్ని బయట పెట్టి మేం గాలి పీల్చాలా?" అంది సర్దార్‌బీ. ఒక్కరూ లేవలేదు.

నెట్ సెంటరులో ఫర్జానా స్నేహితులు దాచిన ఆ వీడియో ముక్క, సెల్‌ఫోను నుంచి సెల్‌ఫోనుకు పాకింది. మర్నాడు కంచికచర్లలో ఇంకో గోడౌను ఆడవాళ్లు తామే షట్టర్లు లేపి, రాశి జోలికి పోకుండా గుమ్మంలో కూర్చున్నారు.

"జగ్గయ్యపేట బసవమ్మ మీకేమవుద్దే?" అని గద్దించాడు అక్కడి యజమాని.

"తోడబుట్టిందండీ" అంది ఒకామె. "మీ అభ్యర్థిగారే నెట్టులో రాయించారుగా."