మాత్రల ఖాళీ షీట్లు

రక్తం ఎనిమిదట, పోయిన నెల తొమ్మిదిన్నర, ఈ నెల ఎనిమిది, పప్పుల ధర కూడా ఇంత తొందరగా పడిపోదు అనుకుంది పెద్దకోడలు, ఆసుపత్రి వరండాలో బల్ల మీద ఏడో నెల కడుపుతో కూర్చుని, లోపల నర్సు రక్తం మాత్రల ఖాళీ షీట్లు లెక్కపెడుతోంది, పెట్టనీ, ముప్ఫై గుంటలూ ఖాళీ, పదేళ్లు పప్పుల కొట్టులో కూర్చున్న మనిషికి లెక్క సరిపెట్టడం రాదా, ఖాళీ సంచులు చూసి సరుకు ముట్టిందనుకునే గుమాస్తాను తానైతే పూట కూడా ఉంచుకోదు, ఈ మహాతల్లికి మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టారు, మాత్ర మింగిన రెండు రోజులూ తనకు కడుపులో తిప్పి, బేరగాడి ముందే బస్తా పక్కన కక్కుకుంది, ఆ సిగ్గు ఈవిడ పడుతుందా, టీతో వేసుకోకమ్మా అంటుంది, కొట్టులో గంటకో టీ తాగకుండా బేరం తెగుతుందా, మూడో రోజు నుంచి పొద్దున్నే ఒక్కో మాత్ర నొక్కి తూములో వేసింది, ఇంట్లో మాత్రం అత్త, మాకెవరిచ్చారే మాత్రలు, నలుగురిని కనలేదూ, అవి మింగితే పిల్లాడు నల్లగా పుడతాడు అని రోజూ అదే పాట, కన్నది ఆరుగురినని మామగారు నోరు జారితే తెలిసింది, పోయిన ఇద్దరినీ ఈవిడ లెక్కలో చూపించదు, మొగుడేమో మా అమ్మకన్నా నీకెక్కువ తెలుసా అంటాడు, వీళ్లందరూ కలిసి తన ఒంట్లో రక్తం తాగేశారు, రేపు బిడ్డకేమైనా అయితే ఒక్కొక్కరినీ నిలదీసి అడుగుతుంది.

నర్సు బయటికొచ్చింది, షీట్లన్నీ ఖాళీనే, వేసుకుంటున్నా రక్తం దిగుతోందంటే లోపలెక్కడో పోతోందమ్మా, పెద్దాసుపత్రికి రాస్తున్నా, పరీక్షలన్నీ చెయ్యాలి, రక్తం ఎక్కించాల్సి రావచ్చు, బిడ్డ ఎదుగుదల కూడా తక్కువగా ఉంది అంది, లేని రోగానికి సూదులు, ఉన్న రోగం పేరు తూము, చెబుదామని నోరు తెరిచింది, అంతలో నర్సు వెనకే తోడికోడలు వచ్చింది, ఐదో నెల, వేలికి దూది నొక్కి పట్టుకుని, పెదవులు సున్నం కొట్టినట్టున్నాయి, దీనికి రక్తం ఏడేనమ్మా, దీని షీట్లూ ఖాళీనే, ఏం కుటుంబమే మీది అని విసుక్కుంటూ నర్సు కాగితాల కోసం లోపలికి పోయింది.

నువ్వు మింగుతున్నావా లేదా అని పెద్దకోడలు పళ్లు కొరికింది, లేదక్కా, నీలాగే తూములో వేస్తున్నా అంది ఆ పిల్ల, నేను నీకెప్పుడు చెప్పానే, చెప్పలేదు, చూశాగా, లెక్కలన్నీ తెలిసినదానివి నువ్వే పారేస్తుంటే అవి మంచివి కాదేమోననుకున్నా, మరి అత్త నల్లపిల్లాడన్నందుకు కాదా, అత్త మాట ఎవరు వింటారక్కా, ఆవిడ వద్దంటే మాత్రలిచ్చిన మొదటి నెలంతా దొంగచాటుగా మింగాను అంటూ నవ్వబోయి ఆయాసంతో గోడ పట్టుకుంది, పెద్దకోడలు ఆ చేతి కేసి చూసింది, గోళ్లలో చుక్క ఎరుపు లేదు, అరిచిన అత్తను ఈ పిల్ల లెక్కచెయ్యలేదు, తిట్టిన నర్సునూ లెక్కచెయ్యలేదు, నోరు మెదపని తననే చూసి నేర్చుకుంది, ఇన్నాళ్లూ అందరినీ తిట్టుకుంది గానీ, ఆ ఇంట్లో ఇద్దరు కడుపుతో ఉన్నవాళ్ల చేత మాత్రలు మాన్పించింది ఒక్క మనిషే, అది తానే.