నా కింద చేరినవాళ్ళు

మా లైన్‌లో ఆడవాళ్ళు నన్ను చూసి నవ్వడం మొదలుపెట్టినప్పుడే నాకు అనుమానం వచ్చింది. మామూలుగా నన్ను చూసి ఎవరూ నవ్వరు. నేను చొక్కాల ఫ్యాక్టరీలో చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేస్తాను. మిషన్ల మీంచి వచ్చిన ప్రతి చొక్కానీ లోపలా బయటా తిప్పి చూస్తాను. కుట్టు వంకరపోయినా, కాలర్ ఒక పక్కకి లాగినా, కుట్టినవాళ్ళ ఒళ్ళోకే విసిరేస్తాను. బాగుంటే గుండ్రటి స్టిక్కర్ అంటిస్తాను. ఆ స్టిక్కర్ పడ్డ చొక్కాని ప్యాకింగ్ వాళ్ళు మడతపెట్టి డబ్బాలో వేయడమే తప్ప మళ్ళీ విప్పి చూడరు. అది మా దగ్గర పద్ధతి. విప్పి చూస్తే నన్ను అవమానించినట్టే. అందరూ నన్ను భూతద్దం అక్క అంటారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు, నాకూ అలవాటైపోయింది.

అలాంటిది, కాజాలు కుట్టే అమ్మాయి నాకు టీ తెచ్చిచ్చింది. నిన్నమొన్నటి దాకా నేను కనబడితే మూతి ముడుచుకున్న పిల్ల! బస్సులో కాలర్ల ఆవిడ పిలిచి మరీ పక్కన కూర్చోబెట్టుకుంది. జేబులు అతికే ఆవిడ నా ఆరోగ్యం గురించి అడిగింది. నా ఆరోగ్యంతో ఆవిడకేం పని?

పెద్ద ఆర్డర్ నడుస్తోంది, త్వరగా పూర్తిచేస్తే ఏదో బోనస్ ఇస్తామన్నారు. నన్ను మంచి చేసుకుని పిచ్చికుట్లు పాస్ చేయించుకుందామని చూస్తున్నారనుకున్నాను. నా దగ్గరా ఈ వేషాలు! టీ తాగేశాను, ఆ రోజు ఆ పిల్ల చొక్కాలు ఎప్పటికంటే ఎక్కువే వెనక్కి పంపాను. ఆ పిల్ల గొణగనైనా లేదు. "నువ్వు చూశావంటే ఇంక మాటేముంది అక్కా" అంటూ నవ్వుకుంటూ కుట్లు విప్పుకుంది. నాకు ఇంకా ఒళ్ళు మండింది.

నేను అనుమానించనిది ఒక్క పిన్నిని. మా అమ్మ చెల్లెలు కాదు, బొత్తాలు కుట్టే పెద్దావిడ, అందరికీ పిన్నే. నేను చేరిన కొత్తలో మిషన్ సూది వేల్లో దిగి ఏడుస్తుంటే, కట్టు కట్టి, పని నేర్పి, మేస్త్రీ తిట్లకి అడ్డం నిలబడింది. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. ఈమధ్య ఆవిడ కళ్ళకి పొర కమ్మింది. ఆపరేషన్ చేయించకపోతే చూపు పోతుందన్నారు. చూపు పోతే పనీ పోతుంది. దానికోసం కడుపు కట్టుకుని కూడబెట్టింది. ఆస్పత్రికి నేను తీసుకెళ్తానని మాటిచ్చాను. అప్పటిదాకా ఆవిడ కుట్టిన వదులు బొత్తాలు ఎవరి కంటా పడకుండా నేనే బిగించి పంపుతున్నాను. ఆ సంగతి ఆవిడక్కూడా తెలీదు.

ఇంక మా చెల్లి. అదే లైన్‌లో చొక్కాలకి చేతులు అతుకుతుంది. నోట్లో నాలుక లేని పిల్ల. దాని మొగుడు, అంటే మా మరిది, ఇద్దరి నాలుకా తనే పెట్టుకు పుట్టాడు. ఏ ఉద్యోగంలోనూ కుదురుగా ఉండడు. ఆమధ్య మా ఇంటికి భోజనానికొచ్చి, మెతుకు ముట్టకముందే ఫోన్ తీశాడు.

"వదినా, సబ్బు ఎలాగూ కొంటారు, నూనె ఎలాగూ కొంటారు. అదేదో ఈ యాప్‌లోంచి కొనండి. కొన్నదాంట్లో కొంత క్యాష్‌బ్యాక్ కింద వెనక్కొస్తుంది. మీ కింద ఒక ఇద్దరిని చేర్చారనుకోండి, వాళ్ళు కొన్నప్పుడల్లా మీకూ వస్తుంది. వాళ్ళ కింద ఇంకో ఇద్దరు..."

"అందరికీ వెనక్కిచ్చేస్తే ఆ కంపెనీవాడు ఏం తింటాడు?"

"అదే కదా వదినా సిస్టమ్!"

"సిస్టమూ లేదు, నీ మొహమూ లేదు. అన్నం తిను. ఈ పువ్వులు పెట్టడానికి వేరే చెవులు వెతుక్కో."

మా ఆయన పొలమారేలా నవ్వాడు. మరిది కూడా నవ్వాడు. చెల్లి మాత్రం కంచంలోకి చూస్తూ కూర్చుంది. దాని మొహం నేను సరిగ్గా చూడలేదు.

తర్వాత కొన్నాళ్ళకి చెల్లి ఒక ఇస్త్రీపెట్టె పట్టుకొచ్చింది. నా పాతది అంటుకుపోతోందని తనే కొన్నానంది. నేను ఊరుకుంటానా? ఎక్కడ కొన్నావు, ఎంతకి కొన్నావు, బిల్లేదని ఈకలు పీకాను. డిస్కౌంట్‌లో వచ్చిందనీ, గ్యారంటీ నా పేరు మీద రాయించాలనీ చెప్పింది. నాది బటన్ల ఫోన్. పెద్ద ఫోన్లు మన మాటలు వింటాయని నా నమ్మకం. దానికి ఏదో నంబరొస్తే చెల్లి అడిగింది, చదివి చెప్పాను. ఇస్త్రీపెట్టె పట్టుకుని నవ్వమని ఫోటో కూడా తీసింది. ఆ రోజు నుంచి నా ఫోన్‌కి తెలియని చోటునుంచి మెసేజ్‌లు రావడం మొదలైంది. అలాంటివి నేను చదవను. చదివితేనే వల్లో పడతామని, వచ్చింది వచ్చినట్టే చెరిపేసేదాన్ని. ఎంత జాగ్రత్తపరురాలినో అని నన్ను నేనే మెచ్చుకునేదాన్ని.

కాజాల అమ్మాయి రెండోసారి టీ తెచ్చినప్పుడు ఇంక ఉండబట్టలేక అడిగేశాను.

"ఏమే, నా టేబుల్ దగ్గర నీకేం కావాలి? తిన్నగా చెప్పు."

"నాకేం కావాలక్కా! నీ పుణ్యమా అని నాలుగు డబ్బులు చూస్తామని సంతోషం."

"నా పుణ్యమేంటి?"

ఆ పిల్ల నేను హాస్యమాడుతున్నాననుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్ మా ఫోన్లు తిరిగివ్వగానే తనది తెరిచి చూపించింది. ఇస్త్రీపెట్టె పట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాను నేను. కింద పెద్ద అక్షరాలతో 'మన భూతద్దం అక్క పాస్ చేసింది' అని ఉంది. నా బొమ్మ కింద గీతలు, గీతల కింద బొమ్మలు. కాజాలు, కాలర్లు, జేబులు, ప్యాకింగ్. లైన్ లైనంతా నా కింద వేలాడుతోంది.

"మీ చెల్లి చెబితే ఎవరం నమ్మలేదక్కా. నువ్వు చేరావని తెలిశాక ఇంక చూసేదేముందని చేరిపోయాం. నువ్వు పాస్ చేసింది మళ్ళీ విప్పి చూస్తామా?"

మా మరిది చెప్పిన యాప్ అది. అక్కడే, బస్సుకోసం నిలబడ్డవాళ్ళందరి ముందూ అరిచాను. అది మోసమన్నాను. నేను చేరలేదన్నాను. ఎవరూ ఇంక పైసా పెట్టొద్దన్నాను. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. కాలర్ల ఆవిడ కళ్ళు చిన్నవి చేసి, "చేరకపోతే ఆ ఇస్త్రీపెట్టె ఎలా వచ్చిందక్కా?" అంది. ఇంకెవరో వెనకనుంచి, "ఇక చాలనుకుంటోందేమో, పైకెళ్ళాక నిచ్చెన లాగేస్తోంది" అన్నారు. వాళ్ళు నన్ను చూస్తున్న తీరు నాకు బాగా తెలుసు. నేను చొక్కాల్ని అలాగే చూస్తాను.

చెల్లి అప్పటికే బస్సు వదిలేసి సందులోకి జారుకుంటోంది. వెళ్ళి జబ్బ పట్టుకున్నాను. తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

"నా మొహం చూసి ఎవ్వరూ చేరలేదక్కా" అని ఏడ్చింది. "ఆయన తన కింద నన్ను వేశారు. నా కింద మనుషులు లేకపోతే మేం కట్టింది కూడా పోతుందన్నారు. రోజూ ఇంట్లో అదే గోల. నీ పేరు పెట్టగానే ఒక్క వారంలో అందరూ చేరారు."

"ఒక్కళ్ళకైనా డబ్బు చేతికొచ్చిందా?"

"యాప్‌లో కనిపిస్తుంది. తీసుకోవాలంటే గోల్డ్‌లోకి వెళ్ళాలి. గోల్డ్ అంటే ఒకేసారి ఎక్కువ సామాను కొనాలి."

"గోల్డ్‌లోకి ఎవరైనా వెళ్ళారా?"

చెల్లి మీద నాకు జాలీ వేసింది, చెంప పగలగొట్టాలనీ అనిపించింది. రెండూ ఒకేసారి ఎలా అనిపిస్తాయో నాకు తెలీదు.

"మొన్న పిన్ని వెళ్తానందక్కా" అంది చివరికి.

చెల్లిని అక్కడే వదిలేసి పరిగెత్తాను.

పిన్ని గది మెట్ల కింద ఉంటుంది. నిలువునా లేస్తే తల తగిలే గది. తలుపు పూర్తిగా తెరుచుకోలేదు, వెనక ఏదో అడ్డం ఉంది. భుజంతో తోసుకుని లోపలికెళ్ళాను. మంచం చుట్టూ అట్టపెట్టెలు. జుట్టుకి రాసుకునేవి, మొహానికి రాసుకునేవి, గిన్నెలు తోమే పౌడర్లు. గిన్నెలంటూ ఆవిడకున్నవి ఒక చేతి వేళ్ళన్ని కూడా లేవు. ఆ పెట్టెల మధ్య పిన్ని కూర్చుని, అడుగుల చప్పుడు బట్టి నన్ను గుర్తుపట్టి, చిన్నపిల్లలా నవ్వింది.

"వచ్చావా! రేపు చెబుదామనుకున్నా. మీ చెల్లి చెప్పేసిందా?"

"పిన్నీ, ఆపరేషన్ డబ్బులు ఎక్కడున్నాయి?"

"ఎక్కడికి పోతాయే? రెండింతలై వస్తాయి. అప్పుడు రెండు కళ్ళూ ఒకేసారి చేయించుకుంటా." నా చెయ్యి తడుముకుని పట్టుకుంది. "మీ మరిది తన కింద చేరమన్నాడు. నేనొప్పుకోలేదు. ఎవరి కిందో ఎందుకు, చేరితే నీ కిందే చేరతానన్నా. వాటా ఏదో నీకే రానీ. ఇన్నేళ్ళలో నీకు నేనేం పెట్టాను గనక?"

"పిన్నీ, అది మోసం. నేను అందులో లేను."

"నువ్వు ఇలాగే అంటావని మీ చెల్లి ముందే చెప్పింది. నా డబ్బు తీసుకోవడానికి మొహమాటం నీకు." ఆవిడ నవ్వుతూనే ఉంది. "నా దగ్గరేంటే దాపరికం?"

ఆవిడ మీద నేనెప్పుడూ గొంతు పెంచలేదు. ఆ పూట పెంచాను. నా పేరు దొంగతనంగా పెట్టారని చెప్పాను. నేను ఏదీ చూడలేదని, చూడమని నన్ను ఎవరూ అడగలేదని, రేపు తెల్లారగానే స్టేషన్‌కి వెళ్దామని, మరిదైనా చెల్లెలైనా వదలననీ చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చాను. పెట్టెలు చేతికందినవి అందినట్టు తలుపు దగ్గరికి లాగాను, తిరిగిచ్చేద్దామని. ఎవరికి ఇవ్వాలో నాకే తెలీదు. పెట్టె మీద కంపెనీ పేరుంది, ఊరూ వీధీ ఏమీ లేవు.

పిన్ని నా మొహం ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు ముందుకి వంగింది. నవ్వు పోయింది. ఇప్పుడు తిడుతుంది, శపిస్తుంది, నా కళ్ళు పోగొట్టావంటుంది అనుకున్నాను. అననీ, పడతాను అనుకున్నాను.

"అయితే" అంది మెల్లగా, "నీకు కూడా ఏమీ రాలేదా?"