మంచు రోజు హాజరు

తెబెల్లో టీచరు హాజరు పిలవడం పూర్తిచేసేసరికి యాభై రెండు మందిలో ఇరవై తొమ్మిది మందే పలికారు. పలికినవాళ్లు కూడా ఒంటికి చుట్టుకొచ్చిన దుప్పట్లు విప్పకుండా, ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. గదంతా తడిసిన ఉన్ని వాసన. ఆగస్టు సగం గడిచింది, ఇక్కడి చలికాలం చివరికొచ్చింది, ఇక ఈ ఏటికి మంచు పడదని కొండ మీద అందరూ అనుకున్నారు. తెల్లవారేసరికి గుమ్మాలు సగం దాకా పూడిపోయాయి. ఇంకా పడుతూనే ఉంది.

హెడ్మాస్టరు సెకాకే రెండు రోజుల కిందట మీటింగుకని మొఖోట్లోంగ్ పట్నం వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ ఒకటే చెప్పాడు.

"గాలేసిందనీ మంచు పడిందనీ మూసుకుంటూ పోతే మనది బడి కాదు, సంత. నేను లేనప్పుడు మాత్రం మూయకు."

అందుకే ఆమె తెరిచింది. రెండు తరగతి గదుల పిల్లల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టింది. హాజరుపట్టీలో రానివాళ్ల పేర్లు ఒక్కొక్కటే వేలు పెట్టి చూసుకుంటూ వచ్చింది. ఊళ్లో వాళ్లయితే తల్లులు ఆపేసి ఉంటారు. గట్టు అవతలి వాళ్లంతా కలిసే వస్తారు, కలిసే మానేస్తారు. లిపువో, కెఫువే అన్న పేర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేలు కదల్లేదు.

వాగు అవతల ఒంటరి ఇంట్లో ఉండే మాలితాబా అవ్వ మనవరాళ్లు వాళ్లు. పెద్దదానికి పదకొండు, చిన్నదానికి ఏడు. పోయిన నెల తల్లిదండ్రుల మీటింగులో అందరి ముందూ ఆ ముసలావిడను నిలబెట్టి తెబెల్లో గట్టిగానే మాట్లాడింది.

"మే నెలలో తొమ్మిది రోజులు మానిపించావవ్వా. ఎప్పుడడిగినా మంచు, మంచు అంటావు. నీకంటే దూరం నుంచి వచ్చేవాళ్లు లేరా? రాలేకపోతే కనీసం రావట్లేదని కబురన్నా పెట్టాలా వద్దా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలావిడ దుప్పటి పిన్నీసు సర్దుకుంటూ, "అట్లాగేనమ్మా టీచరమ్మా" అంది.

ఆ మాటకు రోషపడి పిల్లల్ని ఈ మంచులో పంపేసి ఉంటే?

"వాగు వైపు నుంచి ఎవరొచ్చారు?" అని అడిగింది తెబెల్లో.

ఏడో తరగతి మోత్సెలిసి ఒక్కతే చెయ్యెత్తింది.

"దార్లో లిపువో వాళ్లు కనపడ్డారా?"

"వాళ్లో కాదో తెలీదు టీచర్. వాగు అవతలి ఒడ్డు మీద దుప్పట్లో ఎవరో వస్తున్నట్టు అనిపించింది. ఒకరో, ఇద్దరో. కేకేశాను, పలకలేదు. కాళ్లు కొంకర్లు పోతుంటే వచ్చేశాను."

"ఎంతసేపయింది?"

"గంట కొట్టకముందు."

గంట కొట్టి ముప్పావుగంట అయింది. ఫోను తీసి చూసింది. సిగ్నలు మామూలు రోజుల్లోనే కొండ కొసకు ఎక్కితే గానీ దొరకదు. ఈ రోజు అసలు లేదు.

బడి వంటింట్లో వంటామె మాంపోయి పిడకల పొయ్యి మీద జొన్నపిండి ముద్దకి ఎసరు పెడుతోంది. సంగతి విని గరిటె పక్కన పెట్టింది.

"మూసేసి అందర్నీ ఇళ్లకు పంపెయ్, అదే మంచిది."

"ఇప్పుడు పంపితే ఇద్దరి గురించి పడుతున్న భయం ఇరవై తొమ్మిది మంది గురించి పడాలి అక్కా."

"అదీ నిజమే. ఆ పెద్దమనిషి పట్నంలో హీటరు ముందు కూర్చుని మూయొద్దంటాడు. వీళ్లలో సగం మందికి ఇక్కడ తినేదే తిండి అని నేనూ ఇన్నాళ్లూ మూయొద్దనేదాన్ని." ఆమె కుండ కింద మరో పిడక తోసింది. "నువ్వెళ్లు. పిల్లల్ని నేను చూసుకుంటా. ఒక్కరినీ గడప దాటనివ్వను."

వాకిట్లో గుర్రం సకిలించింది. ఊళ్లో ఉండే ఖ్వారాయి తన కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చాడు. గడ్డమంతా మంచు పట్టింది.

"మీ అమ్మాయి ఇక్కడే ఉంటుందన్నా. నీ గుర్రం కావాలి. నువ్వూ కావాలి" అంది తెబెల్లో.

అతను ఆమె మొహం చూసి గుర్రాన్ని వెనక్కి తిప్పాడు.

వాగు దాకా దారి మామూలుగా పావుగంట. ఆ రోజు గుర్రాన్ని పట్టుకుని నడిచినా రెట్టింపు పట్టింది. వాగు పైన గడ్డకట్టి, అడుగున పారుతున్న చప్పుడు వినిపిస్తోంది. జాగ్రత్తగా దాటాక అవతలి ఒడ్డున అడుగుల జాడలు కనపడ్డాయి. సగం పూడిపోయాయి. తెబెల్లో వంగి తన బూటు పక్కన పెట్టి చూసింది.

"ఇది పిల్లల కాలు కాదన్నా."

"ఒక్కరివే జాడలు" అన్నాడు ఖ్వారాయి. "ఇటే వచ్చి, మళ్లీ పక్కకి తిరిగాయి. దారి తప్పింది ఎవరో."

జాడలు రాతిగోడల గొర్రెల దొడ్డి దగ్గర ఆగాయి. గోడ వారన గోధుమరంగు దుప్పటి కుప్పగా ఉంది. తెబెల్లో పరుగెత్తబోయి మోకాళ్ల మీద పడింది. లేచి వెళ్లి దుప్పటి లాగింది. మాలితాబా అవ్వ మొహం. కళ్లు తెరిచే ఉన్నాయి.

"పిల్లలేరీ? అవ్వా, పిల్లలెక్కడ?"

ముసలావిడ పెదవులు కదపడానికి చాలాసేపు పట్టింది.

"ఇంట్లో. పొయ్యి దగ్గర."

"మరి నువ్వెందుకు బయల్దేరావు ఇంత మంచులో?"

"నువ్వే కదమ్మా కబురు పెట్టమన్నావు. పెట్టడానికి నాకెవరున్నారు? నేనే వచ్చా. పిల్లలు రారీ రోజు."

ఖ్వారాయి ముసలావిడను రెండు చేతుల్తో ఎత్తి గుర్రమెక్కించాడు. ఆమె అంత తేలికగా ఉండడం చూసి అతనికీ భయం వేసినట్టుంది, దారంతా "అవ్వా, నిద్రపోకు, తిట్టు నన్ను, ఏదో ఒకటి మాట్లాడు" అంటూనే ఉన్నాడు.

బడిలో మాంపోయి ముసలావిడ బూట్లు కోసి తీసింది. ఎడమకాలి వేళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. పొయ్యి దగ్గరకు చేర్చబోయిన తెబెల్లోని, మొద్దుబారిన కాళ్లకు సెగ తగలకూడదని ఆపి, గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టించింది. పిల్లలు చుట్టూ మూగి చూస్తున్నారు. కాళ్లకు స్పర్శ తిరిగి వస్తుంటే ముసలావిడ పళ్లు బిగించి మూలిగింది. అప్పుడు గుర్తొచ్చింది తెబెల్లోకి.

"ఇంట్లో పిడకలున్నాయా అవ్వా?"

"మధ్యాహ్నం దాకా వస్తాయి."

ఖ్వారాయి ఆ పిల్లల కోసం మళ్లీ బయల్దేరాడు. తెబెల్లో లెక్కలు చెప్పడానికి ప్రయత్నించింది. బోర్డు మీద వేసిన కూడికే తప్పు వేసింది. పిల్లలెవరూ ఎత్తి చూపలేదు.

రెండు దాటాక మంచు ఆగింది. తండ్రులు ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని తీసుకుపోయారు. పొద్దు వాలుతుండగా గుర్రం మీద ఇద్దరు ఆడపిల్లలు కనపడ్డారు. చిన్నది దిగగానే, "అవ్వా, మేం బంగాళాదుంపలు కాల్చుకుని తిన్నాం, నీకు ఉంచలేదు" అంది. తెబెల్లో వంటింట్లోకి వెళ్లి, పొగ కళ్లలో పడిందన్నట్టు కాసేపు అక్కడే నిలబడింది.

దారి తెరుచుకున్నాక క్లినిక్‌లో అవ్వ ఎడమకాలి వేలు ఒకటి తీసేశారు. సెకాకే తిరిగొచ్చిన రోజే తెబెల్లో అతని గదిలోకి వెళ్లింది.

"మంచు పడితే ఊళ్లో పిల్లల కోసం బడి తెరుద్దాం, అన్నం పెడదాం సార్. వాగు అవతలి వాళ్లు, గట్టు అవతలి వాళ్లు రాకూడదు. రాలేదని ఎవర్నీ అడగకూడదు, ఎవరూ చెప్పక్కర్లేదు."

"పాఠాలు వెనకబడవా?"

"శనివారాలు నేను చెప్తాను."

"ముందు నేనే కదా మూయొద్దన్నాను" అన్నాడాయన. "తప్పంతా నువ్వొక్కదానివే మొయ్యకు."

"మీరు మూయొద్దన్నారు సార్. కబురు పెట్టమన్నది నేను."

సెప్టెంబరు మొదట్లో మరోసారి మంచు పడింది. వాగు అవతలి పిల్లలెవరూ రాలేదు. రారని తెబెల్లోకి తెలుసు. మబ్బు చూసి ముందురోజే అందరికీ చెప్పి పంపింది. అయినా పది గంటలదాకా పాఠం మధ్యలో ఆగి, కిటికీ దగ్గరికి వెళ్లి, వాగు వైపు చూసి వస్తూనే ఉంది.