బాలవ్వ పేరు మీది బీడీలు

"కూసోని చేసే పనే గదనే, దానికి గూడ నడుము నొస్తదా?" అంటాడు మా ఆయన దశరథం, నేను గోడకు చేరగిలబడి కనిపించినప్పుడల్లా. ఆయన వారమంతా సిరిసిల్లలో సాంచాల ముందు నిలబడి బట్ట నేసి, ఆదివారం కోరుట్లకు వస్తాడు. కాబట్టి ఆయన లెక్కలో నిలబడి చేస్తేనే పని. నేను పొద్దున్నే తడి తునికాకు కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వెయ్యి బీడీలు అయ్యేదాకా లేవను. లేవను అంటే, పప్పు పొంగితే లేస్తాను, నల్లా నీళ్లొస్తే లేస్తాను, మా అత్త మందు అడిగితే లేస్తాను. ఈ లేవడాలేవీ ఆయన కంటికి ఆనవు. మనిషి చెడ్డవాడు కాదు. వచ్చేటప్పుడు నాకిష్టమని బస్టాండులో పల్లీపట్టీలు కొనుక్కొస్తాడు. అవి తింటూనే లోపల ఆయన్ను తిట్టుకుంటాను.

మా పెళ్లిచూపుల్లో నన్నెవరూ పాట పాడమనలేదు. మా అత్త బాలవ్వ నా ఒళ్లో చాట పెట్టించింది. ఆకు, తంబాకు, దారం. "చాయ్ వచ్చేదాక చుట్టు బిడ్డా" అంది. చాయ్ వచ్చేసరికి ఒక కట్ట కట్టి పక్కన పెట్టాను. ఆమె చాయ్ ముట్టకుండా, ఒక్కో బీడీ మూతి తిప్పి తిప్పి చూసి, "పోరి చెయ్యి మంచిగున్నది" అంది. సంబంధం ఖాయమైపోయింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ రోజు నాకు గర్వంగానే ఉండింది.

మా దగ్గర కార్ఖానా ఇచ్చే బీడీ కార్డు రేషన్ కార్డులాగా ఇంటికొకటి. పుట్టింట్లో నేను చుట్టినవి మా అమ్మ కార్డు మీద పోయాయి. ఇక్కడ చుట్టినవి పదిహేడేళ్లపాటు అత్త కార్డు మీద పోయాయి. చూపు మందగించి ఆమె చాట ముట్టక అప్పటికే పదేళ్లయింది. అయినా కార్ఖానాలో పుస్తకం తెరిస్తే రోజుకు వెయ్యి బీడీలు చుట్టేది బాలవ్వే. ఇందులో తప్పుందని నాకు గానీ, మా వాడకట్టులో ఎవరికి గానీ తోచలేదు. ఇంటి కోడలికి మళ్లీ వేరే పేరెందుకు అనుకున్నాం.

అట్లాగే గడిచిపోయేదేమో, మా బిడ్డ వనజ పదో తరగతి ఫస్టు క్లాసులో పాస్ కాకపోతే. పాసైన రోజే పాత క్యాలెండర్ కాగితం వెనక తన చదువంతా రాసి పెట్టుకుంది. జగిత్యాలలో రెండేళ్లు ఇంటర్, తర్వాత నర్సింగు, తర్వాత ఉద్యోగం. ఉద్యోగం అన్న మాట కింద రెండు గీతలు కొట్టింది. ఆ గీతలు చూస్తే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

అది తొంభయ్యో సంవత్సరం. నక్సలైట్లు, మా దగ్గర అన్నలనే వాళ్లు, బంద్ అంటే బస్సులు ఆగిపోయేవి. చదువుకునే పిల్లలు కనిపిస్తే పోలీసులు సంచులు విప్పించేవాళ్లు. "మొగపోరగాళ్లను తోలుడుకే భయపడుతున్నరు. ఆడివిల్లను హాస్టల్ల ఏసి నేను సాంచ కాడ నిమ్మళంగ ఉంటనా?" అన్నాడు దశరథం. కాసేపాగి, గొంతు తగ్గించి, "అయినా గంత పైసలు ఏడికెల్లి తేవాలె" అన్నాడు. బిడ్డ మొహం చూడలేక పల్లీపట్టీల పొట్లం విప్పుతూ కూర్చున్నాడు.

దారి చెప్పింది పక్కింటి జైనాబీ. "ఏందక్కా, బీడీ కార్మికుల పిల్లలకు సర్కారు స్కాలర్‌షిప్ ఇస్తది గదా. మా పెద్దోడు దాంతోనే సదువుతుండు" అని ఫారం కూడా తెచ్చిచ్చింది. వనజ అరుగు మీద కూర్చుని ముత్యాల్లాంటి అక్షరాలతో నింపుకుంటూ వచ్చి, ఒకచోట కలం ఆపింది.

"అమ్మా, నీ కార్డేది?"

"బాపమ్మది రాయి."

"తల్లిదో తండ్రిదో ఉండాలెనట. బాపమ్మది చెల్లదు."

నా చేతిలో సగం చుట్టిన బీడీ ఉంది. పదిహేడేళ్లలో ఎన్ని లక్షలు చుట్టానో. అన్నీ ఎవరెవరో కాల్చి పారేశారు, ఒక్కటీ నాది కాదు. ఇన్నాళ్లూ నా పని ఆయన కంటికి ఆనడం లేదని ఆయన మీద కోపం పెట్టుకున్నాను గానీ, అది ఏ కాగితం మీదా లేదని నాకే తెలియదు. అది సోమవారం. శుక్రవారం నుంచి బంద్, ఆ వారంతోనే ఫారాల గడువు సరి. కాగితాలు గురువారంలోగా జగిత్యాల ఆఫీసుకు చేరకపోతే వనజ ఆ సంవత్సరం ఇంట్లోనే.

కార్డు నా పేరు మీదికి మార్పించమని అత్తను అడిగాను. ఆమె తన మంచం కింది పెట్టె మీద చెయ్యి వేసింది.

"ఇల్లు ముందు మీ మామ పేరు మీద ఉండె, ఇప్పుడు నీ మొగని పేరు మీదున్నది. నా పేరు రాసున్న కాయితం గీ లోకంల గదొక్కటే. అది గూడ ఇచ్చేస్తే నేనెవ్వలను బిడ్డా?"

కొట్లాడదామని తెచ్చుకున్న కోపం ఆ మాటకు సగమైపోయింది. అయినా ఊరుకోలేకపోయాను. "మరి నేనెవ్వలను అత్తా?" అన్నాను. పదిహేడేళ్లలో ఆమెకు ఎదురు మాట్లాడింది అదే మొదలు. ఆ రోజు వండిన అన్నం వండినట్టే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున నీళ్లు పట్టుకొని వచ్చేసరికి అత్త ఒళ్లో నా చాట ఉంది. ఆకును కళ్ల దగ్గర పెట్టుకుని చుడుతోంది. తంబాకు సగం చీర మీదే రాలింది. చివరికి ఒకటి తయారైంది, మూతి కూడా సరిగ్గా మూసుకోలేదు. దాన్ని నా వైపు చాపింది.

"సూడు, గిది నా బీడీ. గిసువంటియి వెయ్యి తీస్కపోతే గుమాస్తా ముత్యం నా మొకం మీదనే కొడతడు." నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పెట్టెల కార్డున్నది, తియ్యి. నడువు."

కార్ఖానాలో ముత్యం పుస్తకం మీంచి తల ఎత్తలేదు. "నీ కోడలు నా బుక్కుల లేదు బాలవ్వా. ఆమెనే చుట్టిందంటే ఎట్ల నమ్మాలె?"

"నాకు కండ్లు కనవడయని నీకు తెల్వదా? పదేండ్ల సంది దీని చేతులకెల్లి గంప దించుకుంటున్నవు, గప్పుడు నమ్మినవు గద! చాట వెట్టు. నువ్వు చాయ్ చెప్పుకో. చాయ్ వచ్చెలోపు సూడు దాని చెయ్యి."

వరుసలో ఉన్న ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. మొదటి రెండు బీడీలు నా వేళ్లను చూసుకుంటూ చుట్టాను. తర్వాత వేళ్లకు నాతో పని లేకపోయింది. చాయ్ గ్లాసు బల్ల మీదికి వచ్చేసరికి కట్ట కట్టి ఇచ్చాను. ముత్యం మూతులు తిప్పి చూసి, "మంచిగనే ఉన్నయ్" అన్నాడు.

"నేను పదిహేడేండ్ల కిందనే సూసిన" అంది మా అత్త.

"ఇంటికి రెండు కార్డులియ్యడు సేటు. ఈమెది రాయాలంటే నీది తీసెయ్యాలె."

మా అత్త కార్డును ఒకసారి వేలితో తడిమింది. "తీసెయ్. ఫోటువ మాత్రం పీకి నాకియ్యి" అంది. ఆ చిన్న ఫోటోను కొంగుకు ముడేసుకుంది. ఇంటికొచ్చే దారంతా నా చెయ్యి వదల్లేదు. ఆ రోజు ఆమె మీద పొంగిన ప్రేమ, చెప్పాలంటే, నా కన్నతల్లి మీద కూడా ఎప్పుడూ పొంగలేదు.

కొత్త కార్డుకు ఫోటో దిగి, బుధవారం సాయంత్రం దాన్ని చేతికి తీసుకుని, గురువారం నేనూ వనజా జగిత్యాల బస్సెక్కాం. ఊరి బయట పోలీసులు బస్సు ఆపారు. ఒకతను వనజ సంచి విప్పించి, పుస్తకాల మధ్యనున్న ఫారం తీసి గట్టిగా చదివాడు. "రాజమణి, బీడీ కార్మికురాలు. రాజమణి ఎవరు?"

"నేనే సార్" అన్నాను, అవసరమైన దానికంటే గట్టిగా. బస్సంతా తిరిగి చూసింది. అతను ఫారం మడిచి జాగ్రత్తగా నా చేతికే ఇచ్చాడు.

కాగితాలు ఆఫీసులో తీసుకున్నారు. బంద్ ముగిశాక ఆదివారం దశరథం వచ్చాడు. "నీ పేరు మీద కార్డా? నన్నొక్క మాటడగలే?"

"కూసోని చేసే పనే గద, దానికి గూడ అడుగుడేందనుకున్న."

ఆయనకు నవ్వు రావడానికి కాస్త సమయం పట్టింది. కార్డును వెనకా ముందూ తిప్పి, "ఫోటువల కోపంగున్నవే" అన్నాడు. "కోపంగనే ఉన్న" అన్నాను. కార్డును చొక్కాకు తుడిచి నాకిచ్చి, "హాస్టల్‌కాడ బిడ్డను నేనే దించొస్త తియ్" అన్నాడు.

సాయంత్రం నేను చాట ముందు కూర్చోగానే, వనజ అలవాటుగా వచ్చి పక్కన చేరింది. పదేళ్ల వయసు నుంచీ బడి నుంచి రాగానే నాకు సాయంగా కొన్ని చుట్టడం దానికి అలవాటు. అలసిపోతావని నేనే కొంచెం తగ్గించేదాన్ని, అంతేగానీ వద్దని ఎన్నడూ అనలేదు. దాని వేళ్లు చకచకా ఆకు మడుస్తున్నాయి. మంచం మీంచి మా అత్త చెవులతోనే చూసి మురిసిపోయింది. "పోరి చెయ్యి నీకంటె మంచిగున్నదే రాజమణీ."

నేను చాటను దాని చేతుల కిందినుంచి నా వైపు లాక్కున్నాను.

"లెవ్వు బిడ్డా, పోయి సదువుకో. నా కార్డు మీద ఇంకెవ్వలు చుట్టద్దు."