వెనక్కి రెండడుగులు

డాక్టరు గదిలో నాన్న చేసిన మొదటి పని డాక్టరు కోటుకు వంక పెట్టడం. "ఎవడయ్యా ఇది కుట్టింది? భుజం జారిపోయింది," అంటూ లేచి ఆయన ఎదురుగా నిలబడ్డాడు. తల పక్కకు వాల్చి, వెనక్కి రెండడుగులు వేశాడు. వెనక బరువు చూసే మిషను ఉంది. నేను పట్టుకోకపోతే దాని మీదే వెల్లకిలా పడేవాడు.

"ఎప్పుడూ ఇలాగేనా పడుతున్నారు?" అన్నాడు డాక్టరు.

"ఇలాగే," అన్నాను.

నాన్న దర్జీ. జీవితమంతా మనుషులకు కోట్లు తొడిగి, వెనక్కి జరిగి చూసి, మళ్లీ ముందుకొచ్చి సుద్దతో గీతలు గీసిన మనిషి. ఇప్పుడు నా పేరు మరిచిపోయాడు. అమ్మ పోయిందన్న సంగతీ మరిచిపోయాడు. వెనక్కి జరగడం మాత్రం మరిచిపోలేదు. ఎదురుగా ఎవరు నిలబడినా ఆయన కంటికి కొలతలివ్వడానికి వచ్చినవాళ్లే. పోయినసారి బీరువా మూల తగిలి తల చిట్లితే, ఎంత గుడ్డ అదిమిపెట్టినా నెత్తురు ఆగలేదు. రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నాడు మరి. బీరువాను పక్కగదిలోకి తోశాం, మంచం తిప్పాం. గోడల్ని ఎక్కడికి తోస్తాం?

ఆ మాత్ర సంగతి తేల్చుకోవడానికే తమ్ముడూ నేనూ ఆయన్ని తీసుకొచ్చాం. డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు.

"ఆయన గుండె లయ తప్పి కొట్టుకుంటోంది. మాత్ర ఆపితే గుండెలో రక్తం గడ్డకట్టి, అది మెదడుకెళ్లి పక్షవాతం రావచ్చు. మాత్ర వాడుతూ పడి తలకి గట్టిగా తగిలితే, లోపల నెత్తురు పారి ప్రాణం మీదికి రావచ్చు. పడతారన్న భయం ఒక్కటే ఉంటే మామూలుగా ఈ మాత్ర ఆపం. ముందు పడకుండా చూసుకోండి. ఎదురుగా నిలబడకండి, పక్కన కూర్చుని మాట్లాడండి. సూదులూ కత్తెరా తీసేయండి."

"అలాగే చేస్తాం," అన్నాడు తమ్ముడు వెంటనే. అమ్మని మంచాన పడేసింది పక్షవాతమే. చివరిదాకా ఆమెకు చెంచాతో నీళ్లు పట్టింది వాడే. ఆ జబ్బు పేరు వింటేనే వాడి మొహంలో నెత్తురుచుక్క ఉండదు.

నేనూ సరేనన్నాను. కుట్టుపెట్టె అటక మీద పెట్టేశాను. పార్సిల్ ఆఫీసు నుంచి రాగానే పక్కనుంచి నక్కి నక్కి వచ్చి, ఆయన కుర్చీ పక్కన కూర్చునేదాన్ని, సొంత ఇంట్లో దొంగలాగా.

ఉపాయం బాగానే పనిచేసింది. నాన్న పడలేదు. అసలు లేవడమే మానేశాడు. అంతకుముందు రోజూ సాయంత్రం నన్ను నిలబెట్టి, ఆఫీసువాళ్లిచ్చిన నా డ్యూటీ కోటు చూసి, "అమ్మా, ఎడమ భుజం దిగింది. వదిలెళ్లు, సరిచేసి పెడతా," అనేవాడు. కన్నకూతురినని తెలియకపోయినా నా భుజం ఆయనకు తెలిసేది. ఇప్పుడు గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాడు. నేను పక్కనున్నా లేకపోయినా ఒకటే.

ఇక ఉండబట్టలేక, మాత్ర ఆపేసి ఆయన్ని మళ్లీ లేవనిద్దాం, పడినా నెత్తురు ఆగుతుంది అన్నాను. తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు.

"నీకేమైనా పిచ్చా అక్కా? అమ్మ ఎలా పోయిందో చూశావు కదా!"

"చూశాన్రా. ఈయన ఎలా ఉన్నాడో నువ్వు చూశావా?"

"బతికున్నాడు."

"మా ఆఫీసులో బస్తాలూ భద్రంగానే ఉన్నాయి."

నా నోరు అలాంటిది. వాడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. చివరికి ఇద్దరం కలిసే మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాం. అంతా విని ఆయన ఒక్కటే అడిగాడు. "బుద్ధి బాగున్న రోజుల్లో మీ నాన్నగారినే అడిగితే ఏమనేవారు?"

నేను నోరు తెరిచేలోపే తమ్ముడు అన్నాడు. "కత్తెర ఇటివ్వమనేవాడు."

ప్రమాదం ఉందని డాక్టరు మరోసారి గట్టిగా చెప్పాడు. తెలిసే మాత్ర ఆపాం.

ఆ సాయంత్రం కుట్టుపెట్టె అటక మీంచి దించి, కోటు వేసుకుని నాన్న ఎదురుగా నిలబడ్డాను. ముందు గోడకేసే చూశాడు. తర్వాత కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచాడు. తమ్ముడు గోల్‌కీపర్‌లా చేతులు చాపి ఆయన వెనక కాపలా కాశాడు. నాన్న వెనక్కి రెండడుగులు వేసి, తల వాల్చాడు.

"అమ్మా, ఎడమ భుజం దిగింది."

"ఎప్పటికిస్తారండీ?" అన్నాను.

"తొందరపెడితే కుట్టను," అన్నాడు పాత దర్జాతో.

కోటు భుజం విప్పాడు. తెల్లదారం పెట్టి పొడుగాటి కచ్చా కుట్లు వేశాడు. తొడిగి చూసుకున్నాక గట్టి కుట్లు వేసి, ఆ తెల్లదారం లాగేయడం ఆయన పద్ధతి. కానీ తొడిగిన ప్రతిసారీ ఏదో ఒకటి నచ్చేది కాదు, మళ్లీ విప్పేవాడు. నేను ఆ కచ్చా కుట్ల కోటుతోనే ఆఫీసుకు వెళ్తే అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను. ఆ కొన్నాళ్లూ మా ఇంట్లో నాన్న ఉన్నాడు.

ఒక ఉదయం నాకు కోటు తొడిగి, వెనక్కి ఒక అడుగు వేశాడు. రెండోది పడలేదు. ఒరిగిపోతుంటే నేను పట్టుకున్నాను. తల ఎక్కడా తగల్లేదు. పక్షవాతం కుడి పక్కంతా తీసుకుపోయింది, మాటనూ తీసుకుపోయింది.

తమ్ముడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండును. ఆసుపత్రి వరండాలో నా పక్కనే కూర్చుని, నా భుజం మీది తెల్లదారం చూసి మొహం తిప్పుకున్నాడు. మాత్ర వేసుంటే రాకపోయేదా అని డాక్టరునడిగితే, "చెప్పలేం," అన్నాడు. మళ్లీ ఇలాగే చేస్తానా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఒకసారి ఔనంటాను, ఇంకోసారి కాదంటాను. ఏదన్నా ఏడుపే వస్తోంది.

నన్ను లోపలికి పంపించాక, మంచానికి ఆనుకుని, ఆయన మొహంలో మొహం పెట్టి "నాన్నా" అన్నాను. ఆయన కళ్లు నా మొహం మీద లేవు, ఎడమ భుజం మీదున్నాయి. కనుబొమ ముడిపడింది. తలను దిండులోకి వెనక్కి వెనక్కి నొక్కుతున్నాడు. నొప్పేమోనని నర్సును పిలవబోయి ఆగాను. అంత దగ్గర్నుంచి ఆయనకు కోటు సరిగ్గా కనిపించదు. వెనక్కి జరగాలని చూస్తున్నాడు.

కోటు గుండీలు పెట్టుకున్నాను. నిటారుగా నిలబడి, నేనే వెనక్కి రెండడుగులు వేశాను.