తాత నేర్పిన మాట

ముసలి హోపీ రైతు పోలేస్తెవాకు తన పొలమంటే ఎంత గర్వమో, మనవరాలి నోరన్నా అంతే గర్వం. అమెరికాలో హోపీలుండే ఆ మెట్ట మీది పిల్లలంతా ఇంగ్లిషులోనే తిట్టుకుని ఇంగ్లిషులోనే కలిసిపోతుంటే, నువాసి మాత్రం హోపీ భాష గలగలా మాట్లాడేది. మాట్లాడదూ మరి! తల్లి విన్‌స్లో పట్నంలో ఉద్యోగం చేస్తుంటే, పిల్ల రోజంతా తాత వెనకాలే ఇసక పొలంలో తిరుగుతూ, నీలం మొక్కజొన్న గింజలు గుంటల్లో వేస్తూ, కాకుల్ని తోలుతూ పెరిగింది. "మా పిల్లకి నేనే బడి" అని ముసలాయన కనపడ్డవాళ్ళందరి దగ్గరా డప్పు కొట్టుకునేవాడు.

ఆ డప్పు పక్కింటి పసిబిడ్డకు పేరు పెట్టిన పొద్దున పగిలింది. భోజనాలయ్యాక మేనత్త తవామానా తాను అల్లిన చిన్న తట్ట ఒకటి తెచ్చి నువాసి చేతిలో పెట్టింది. పిల్ల నిటారుగా నిలబడి, గొంతు బొంగురు చేసి, "క్వక్వాయ్!" అంది.

మేలు చేసినవాళ్ళతో అనే మాటే అది. కానీ మగవాళ్ళ మాట. ఆడవాళ్ళయితే 'అస్క్వలి' అనాలి. గదంతా ఒక్కసారి గొల్లుమంది.

"ఓలమ్మో! గౌనేసుకొచ్చిన ఈ ముసలాయనెవరే?" అంది మేనత్త. మేనత్తలు పుట్టిందే ఆటపట్టించడానికి.

"పాపం మోకాళ్ళు నొప్పులేమో, పీట వెయ్యండే!" అని ఇంకొకామె అందుకుంది.

నువాసి తట్ట అక్కడే పడేసి ఇంటికి పరిగెత్తింది. అంతే, హోపీ మాట బంద్. తాత పొలానికి పిలిస్తే ఇంగ్లిషులో "నో" అంది. అమ్మమ్మ కువాన్మానా అన్నానికి పిలిచినా అదే.

"నీ నోరే తీసి దాని మొహానికి అతికించావు కదయ్యా" అని అమ్మమ్మ దులిపేసింది. "నా దగ్గర పీకీ రొట్టెలు నేర్చుకోనీ అంటే, రేపు రేపని పొలానికి లాక్కుపోయావు."

"మగాణ్ణి, నాకు మగ మాటలు కాక ఏమొస్తాయే?"

"అందుకే వదలమన్నా."

ఇల్లు ఆమెది. హోపీ ఆడది మొగుణ్ణి వద్దనుకుంటే అతని గుర్రపు జీను గుమ్మం బయట పెట్టేస్తుంది; ఎక్కువ వాదిస్తే తన జీనూ అక్కడే కనపడుతుందని ఎరిగిన పోలేస్తెవా పొలం దారి పట్టాడు. కానీ లోపల గుబులు. ఉన్న మనవళ్ళలో మాట పట్టుకున్నది ఇదొక్కతే. ఇదీ నోరు కట్టేసుకుంటే ఈ ఇంట్లో హోపీ తామిద్దరితోనే సరి.

మర్నాడు అమ్మమ్మ పిల్లను పీకీ గదికి లాక్కెళ్ళి రాతిపొయ్యి ముందు కూర్చోబెట్టింది. తవామానా, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు అప్పటికే అక్కడున్నారు. అమ్మమ్మ వట్టి చేత్తో కాలే రాయిమీద నీలం పిండి అలా పులిమి, కాగితమంత పల్చటి రొట్టె లేపి చుట్టింది. నువాసి ప్రయత్నిస్తే వేళ్ళు చురుక్కుమన్నాయి, రొట్టె చిరిగింది. అయినా మాట లేదు.

అప్పుడు గుమ్మంలోకి పోలేస్తెవా వచ్చాడు. అమ్మమ్మ ఒక రొట్టె చుట్ట అందించింది. ఆయన నడుం మీద చెయ్యి పెట్టుకుని, గొంతు సన్నగా చేసి, "అస్క్వలీ!" అన్నాడు.

తవామానా పిండిచేతులతోనే కడుపు పట్టుకుని నవ్వింది. "అమ్మమ్మమ్మ! ఈ పిల్ల పెళ్ళీడుకొచ్చిందే! చెవుల పక్కన సిగలు చుట్టండే!"

"ఉన్న నాలుగు వెంట్రుకలకి ఎన్ని సిగలే!" అంది అమ్మమ్మ.

నువాసి పకపకా నవ్వింది. నవ్వు ఆగాక కనుబొమలు ముడేసి, శుభ్రమైన హోపీలో కసిరింది.

"తాతా! అది ఆడవాళ్ళ మాట! నువ్వు క్వక్వాయ్ అనాలి!"

"అలాగా? నాకెవరు చెప్పారమ్మా మరి? నాకు నేర్పినవాళ్ళేరీ?"

"నేను నేర్పుతాలే."

పిల్ల పక్కింట్లో పడేసి వచ్చిన తట్టను తవామానా తెచ్చి మళ్ళీ దాని ఒళ్ళో పెట్టింది. ఈసారి వేళాకోళం చెయ్యలేదు. నువాసి తట్ట వైపు చూసి, "అస్క్వలి, అత్తా" అంది.

సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. మర్నాడు పక్క పొలంవాడు గట్టిగా, "ఏమక్కా, గింజలు మొలిచాయా?" అని కేకేశాడు. పోలేస్తెవా నవ్వుకుంటూ నాటుకర్ర ఇసకలో దింపాడు.

ఎండెక్కాక నువాసికి నీళ్ళ సీసా అందించాడు. పిల్ల గటగటా తాగి మూతి తుడుచుకుంది.

"అస్క్వలి, తాతా."

అది తాను నేర్పిన మాట కాదు. అయినా ఎంత హాయిగా ఉందో ఆయనకు! మళ్ళీ వినాలని, దాహం లేకపోయినా ఆ పిల్లకు ఇంకోసారి నీళ్ళిచ్చాడు.